తొమ్మిది వందల తొంభై తొమ్మిదేళ్ల మనిషి

జోంబా కొండ మీది మబ్బు దిగొచ్చి
కంప్యూటర్ గది కిటికీకి ఆనుకునే వేళకి
నా మొదటి సగటు బయటపడింది:
చిల్వా సరస్సు ఒడ్డున కలరా సోకినవాళ్ల సగటు వయసు
నూట పన్నెండేళ్లు.

లుసుంగు నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారాడు.
"ఆ నీళ్లు మా తాతకీ ఓ సీసాడు పట్రా" అన్నాడు.
న్యిరెండా మాస్టారు మాత్రం నవ్వలేదు.
"యంత్రం ఏం చేసింది? నువ్వు కూడమన్నది కూడింది.
ఒక్కో వరసా కళ్లతో చదువు" అని
టీ తాగడానికి వెళ్లిపోయారు.

చదివాను.
ముప్పై నాలుగు, ఏడు, అరవై, పంతొమ్మిది,
తొమ్మిది వందల తొంభై తొమ్మిది.
మళ్లీ రెండు, నలభై,
తొమ్మిది వందల తొంభై తొమ్మిది.
గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు కదలదట.
అందుకని, తెలియదనడానికి
ఎవరో పట్నంలో కూర్చుని పెట్టిన మారుపేరు.

అప్పటికి రెండు నెలలుగా నేను దిద్దుకుంటున్నది
నాలుగక్షరాల బడి.
ఏ, టీ, జీ, సీ.
ఒత్తుల్లేవు, గుణింతం లేదు, ఊపిరి పీల్చుకునే చోటు లేదు.
క్రిమి ఒళ్లంతా కలిపి ఒకటే వాక్యం.
దాని కింద ఇంకో క్రిమి వాక్యం పెట్టి
జరిపి, ఇంకాస్త జరిపి,
అతికిన చోట ఆగి
అతకని చోట చిన్న గీత గియ్యడమే చదువు.
ఆనవాలు దొరకని చోట యంత్రం ఎన్ అని రాస్తుంది.
ఇక్కడ ఏదో ఉంది, నాకు కనబడలేదు, అని దానర్థం.
ఎంత మర్యాద తెలిసిన యంత్రం!
మనిషికే లేకపోయింది.

శనివారం సైకిల్ టాక్సీ వెనక కూర్చుని
సరస్సు దాకా వెళ్లాను.
క్లినిక్ గుమ్మంలోనే ఎండు మతెంబా చేపల వాసన.
నర్సు సైతి, వానకి ఉబ్బిన రిజిస్టరు తీసి
వేలితో వెతికి పట్టుకుంది.
"ఈవిడా? అర్ధరాత్రి సైకిల్‌కి కట్టి తెచ్చారు.
వయసెంతంటే, సరస్సు ఎండిన ఏడు పుట్టానంది.
ఏసారి ఎండినప్పుడమ్మా అంటే
పడవలు గడ్డిలో నిలబడిపోయిన ఏడు, అంది.
ఎండిన ప్రతిసారీ పడవలు గడ్డిలోనే కదా పిల్లా నిలబడేది!
నేను సెలైన్ ఎక్కించనా, పంచాంగం చూడనా?"

గడిలో పట్టక ఆమె అంచున రాసింది పెన్సిల్‌తో:
ఎండిన ఏడు. పడవలు. గడ్డి.
పట్నం ఫారంలో అంచుకి నిలువు వరస లేదు.

"బతికిందా?"
"అదుగో."
వల బాగుచేసుకుంటున్న మనిషి తలెత్తింది.
మీకు తొమ్మిది వందల తొంభై తొమ్మిదేళ్లని
మా దగ్గర రాసుందమ్మా, అన్నాను.
"నాకు కాదు, నా మోకాళ్లకి" అంది.
మళ్లీ వలలోకి వంగింది.
ఏసారి ఎండినప్పుడో నేను అడగలేదు. అడగాలని వెళ్లినదాన్నే.

సోమవారం ఒకే ఒక్క పంక్తి మార్చాను.
నాలుగు వందల అరవై నాలుగు మందిలో
నలభై ఒక్కరి వయసు తెలియదు.
మిగిలినవాళ్ల సగటు ఇరవై ఆరు.
"ఏది ముందు రాస్తావు?" అన్నారు మాస్టారు.
తెలియనిదే ముందు రాశాను.
ఫైలు చివర ఎవరూ అడగని వరస ఒకటి కలిపాను,
పేరు: అంచున.
నలభై గడులు ఖాళీ. మళ్లీ వెళ్లాలి.

రాత్రి కరెంటు పోయేలోగా
ఆమె నమూనాలోని క్రిమి వాక్యం తెరిచాను.
ఏ టీ టీ జీ సీ
మధ్యలో హఠాత్తుగా
ఎన్ ఎన్ ఎన్ ఎన్ ఎన్
గడ్డిలో నిలబడిపోయిన పడవలు.
వాటిని లాగబోలేదు.
నీరొస్తుంది, చూద్దాం.